తీగ లేని విద్యుత్ పనిముట్లు: కొనుట, వాడుట

సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల పట్టణములలో ఇనుప సామానుల దుకాణమున అడుగుపెట్టిన రైతునకు నేడు గోడకు వ్రేలాడుచు తుపాకి యాకారపు బరమాలు కానవచ్చును. బ్యాటరీతో నడచు బరమా, మరమేకులు బిగించు యంత్రము, రంపము, గ్రైండరు మొదలగునవి కొంతకాలము క్రిందటివరకు పట్టణపు పనివాండ్ర చేతులలోనే యుండెడివి. ఇప్పుడు ఎల్లంతకుంట వంటి చోట్ల గూడ కొట్టము మీది రేకులు బిగించుకొనుటకు, కోతులు దూరకుండ కిటికీలకు జాలీలు కొట్టుకొనుటకు, తలుపుల కబ్జాలు మార్చుకొనుటకు గృహస్థులే వీనిని కొనుచున్నారు. మంచి జత యొకటి కొనవలెనన్న నాలుగైదు క్వింటాళ్ల వడ్లు అమ్మిన సొమ్ము కావలెను. చూడక కొన్నచో ఆ సొమ్ము ఒక్క వేసవిలో నిరర్థకమగును. అందుచే ఎట్లు ఎంచుకొనవలెనో, ఎట్లు వాడవలెనో సభ్యుల యుపయోగార్థము వ్రాయుచున్నాము.

మన ప్రాంతమునకు తీగలమీద విద్యుత్తు వచ్చినది సహకార మార్గముననే. జనులు సెస్ అని పిలుచు సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘము 1970 లో ఏర్పడినది. దేశములో మొట్టమొదట నెలకొల్పబడిన గ్రామీణ విద్యుత్ సహకార సంఘములలో అది యొకటి. అయినను స్తంభమునుండి ఇంటికి, ఇంటినుండి బావికి పోవు తీగ చేను నడుమనున్న కొట్టమునకు పోదు, గట్టుమీది గేటునకు పోదు. పోనిచ్చినను అది నాలుగు చోట్ల అతుకులు వేసిన తీగ యగును. మడిగట్టు తడిగా నుండును. పనిచేయువాని కాళ్లకు చెప్పులుండవు. ఇట్టి తీగలవలన పల్లెలలో ఎన్ని ప్రాణములు పోయినవో మీకు మేము చెప్పనక్కరలేదు. తీగ లేని పనిముట్టుతో ఈ భయము తప్పును. దాని బ్యాటరీలోని 12 లేక 18 వోల్టులు మనిషికి షాకు కొట్టజాలవు. ఇది దీనియందలి మొదటి గుణమని మా యభిప్రాయము; మోయుటకు తేలికయగుట తరువాతి మాట.

విద్యుత్ బరమా క్రొత్తది కాదు. జర్మనీ దేశమున స్టుట్గార్టు నగరములో ఫైన్ అను సంస్థవారు 1895 లోనే దానిని చేసిరి. తీగ లేని దానిని 1961 లో అమెరికాలో బ్లాక్ అండ్ డెకర్ సంస్థ నికెల్-కాడ్మియం బ్యాటరీతో చేసినది. అది బరువు, బలహీనము. 1991 లో జపానులో సోనీ సంస్థ లిథియం-అయాన్ బ్యాటరీని అమ్మకమునకు తెచ్చిన పిమ్మట మార్గము తెరచుకొన్నది. ఆ బ్యాటరీకి పునాది వేసిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019 లో నోబెల్ బహుమానము వచ్చినది. నేడు దుకాణమునందున్న మంచి పనిముట్లన్నియు ఆ జాతి బ్యాటరీతో నడచునవే.

కొనువాడు సాధారణముగా యంత్రమును చేతబట్టి త్రిప్పి చూచును, రంగు చూచును, వెల యడుగును. అతని సొమ్ములో పెద్దభాగము పోవునది మాత్రము బ్యాటరీకి. యంత్రము పది యేండ్లు మన్నవచ్చును. బ్యాటరీ కొన్ని వందల మార్లు నింపబడిన తరువాత తగ్గిపోవును, మరల కొనవలెను. కాబట్టి ముందు బ్యాటరీని ఎంచుకొని, దానికి సరిపడు యంత్రములను తరువాత చూచుట యుక్తము. ఈ యొక్క మాట గ్రహించినవాడు సగము నష్టమును తప్పించుకొనును.

బ్యాటరీమీద రెండు అంకె లుండును. వోల్టులు ఒకటి, ఆంపియరు-గంటలు రెండవది. ఎత్తున నున్న కుంటనుండి తూమున నీరు దిగుట చూచియున్నాము గదా. కుంట ఎంత యెత్తున నున్నదో ఆ యెత్తు వంటివి వోల్టులు. నీటి వేగము దానినిబట్టి యుండును. కుంటలో ఎన్ని నీళ్లున్నవో ఆ పరిమాణము వంటివి ఆంపియరు-గంటలు. ఎంతసేపు పారునో దానినిబట్టి యుండును. రెండును హెచ్చవేసినచో వాట్-గంటలు వచ్చును. అదియే బ్యాటరీలోని అసలు సరుకు. 18 వోల్టుల, 2 ఆంపియరు-గంటల బ్యాటరీలో 36 వాట్-గంటలున్నవి. మన మీటరుమీది యూనిటు 1,000 వాట్-గంటలు. అనగా ఆ బ్యాటరీని నూరుమార్లు నింపినను, నష్టముతో గూడ, నాలుగైదు యూనిట్లకు మించదు. కరెంటు ఖర్చును గూర్చి ఎవరును చింతింపనక్కరలేదు.

వీపున మోయు బ్యాటరీ మందు పంపు మన రైతులకు చిరపరిచితము. అందులో సాధారణముగా 12 వోల్టుల, 8 ఆంపియరు-గంటల సీసపు బ్యాటరీ యుండును. సరుకు 96 వాట్-గంటలు, బరువు రెండు కిలోలకు పైమాటే. 18 వోల్టుల, 5 ఆంపియరు-గంటల లిథియం బ్యాటరీలో సరుకు 90 వాట్-గంటలు, బరువు ఒక కిలోకు చాల లోపు. ఒక్క చేతితో పట్టి పనిచేయుట ఇందువలననే సాధ్యమైనది. ఈ రెండు జాతుల పోషణలో గొప్ప భేదమున్నది. దానిని క్రింద చెప్పెదము.

ఇక 18 వోల్టులదా, 20 వోల్టులదా యను ప్రశ్న. దుకాణదారు 20 దే బలమైనదని చెప్పవచ్చును. నిజమున రెండును ఒక్కటే. బ్యాటరీ లోపల టార్చిలైటు సెల్లులవంటి చిన్న గొట్టములు ఐదు వరుసగా కూర్చబడియుండును. ఒక్కొక్క దానికి సగటున 3.6 వోల్టులు, ఐదింటికి 18. నిండుగా నింపిన క్షణమున ఒక్కొక్కటి 4.2 వోల్టులకు వచ్చును. అప్పుడు ఐదింటికి 21. సగటు చెప్పువారు 18 అందురు, నిండినప్పటి లెక్క చెప్పువారు 20 అందురు. అదే విధముగ మూడు సెల్లులున్న దానిని కొందరు 10.8 అనియు, కొందరు 12 అనియు వ్రాయుదురు. మరమేకులు, చెక్క పని, జాలీలు మాత్రమే యున్న యింటికి 12 వోల్టులది చాలును. స్త్రీలు, వృద్ధులు గూడ సులభముగా పట్టగలరు. ఇనుము కోయుట, గోడలు తొలుచుట ఉన్నచో 18 వోల్టులది తీసికొనవలెను.

ఈ అంకెలతోనే మోసము జరుగుచున్నది. అతి చౌకగా వచ్చు కొన్ని యంత్రములమీద 48 అనియు, 88 అనియు, 98 అనియు పెద్ద అక్షరములతో అచ్చువేసి, ప్రక్కన "వి.ఎఫ్." అను అక్షరములు చేర్చియుందురు. చూచువాడు అవి వోల్టులనుకొనును. లోపల చూచినచో సామాన్యముగా ఆ ఐదు సెల్లులే. లెక్క మనమే వేసికొనవచ్చును: నిజముగా 98 వోల్టులు కావలెనన్న 27 సెల్లులు వరుసగా ఉండవలెను. 18 మిల్లీమీటర్ల వ్యాసమును, 65 మిల్లీమీటర్ల పొడవును గల మామూలు సెల్లు సుమారు 45 గ్రాములు తూగును. 27 సెల్లులే 1,200 గ్రాములు దాటవలెను. చేతిలో పట్టిన బ్యాటరీ అరకిలో యైనను లేనప్పుడు 98 వోల్టులు ఎక్కడనుండి వచ్చినవి?

ఆంపియరు-గంటల వ్రాతనుగూడ తక్కెడతోనే పరీక్షింపవచ్చును. పైని చెప్పిన చిన్న సెల్లులో నేడు దొరకు మేలైనదైనను సుమారు 3.5 ఆంపియరు-గంటలకు మించి పట్టదు. 21 మిల్లీమీటర్ల వ్యాసము, 70 మిల్లీమీటర్ల పొడవు గల పెద్ద సెల్లు సుమారు 70 గ్రాములు తూగి 4 మొదలు 5 వరకు పట్టును. కావున 18 వోల్టుల, 4 ఆంపియరు-గంటల బ్యాటరీలో చిన్నవి పదియో, పెద్దవి ఐదో యుండితీరవలెను. పైగా డొల్ల బరువు, లోపలి పలక బరువు కలియును. అట్టి బ్యాటరీ 400 గ్రాములైన తూగనిచో దానిమీది వ్రాతను నమ్మరాదు. కిరాణా దుకాణపు తక్కెడ చాలును, సిగ్గుపడక తూపింపుడు. దానితోబాటు భారత ప్రమాణముల సంస్థ చిహ్నమును, ఐ.ఎస్. 16046 అను అంకెయు, "ఆర్" అక్షరముతో మొదలగు నమోదు సంఖ్యయు బ్యాటరీమీద ఉన్నవేమో చూడవలెను.

ఒక సంస్థవారి బ్యాటరీ మరియొక సంస్థవారి యంత్రమునకు పట్టదు. ఇది కావలెనని చేసిన కట్టు. ఒకమారు ఒకరి బ్యాటరీ కొన్నవాడు తక్కిన యంత్రములనుగూడ వారివద్దనే కొనునని వారి యాలోచన. మనము దీనిని మన లాభమునకు త్రిప్పుకొనవచ్చును. మొదట రెండు బ్యాటరీలు, చార్జరు, బరమా కలిసిన జతను కొని, పిమ్మట అదే సంస్థవారి గ్రైండరునో, రంపమునో బ్యాటరీ లేకుండ ఒంటిగా కొన్నచో వెల చాల తగ్గును. కొనుటకు ముందే, ఆ సంస్థకు కరీంనగరములోనో, సిరిసిల్లలోనో మరమ్మతు స్థలమున్నదా, బ్యాటరీ విడిగా దొరకునా యని విచారింపుడు. విడి బ్యాటరీ దొరకని యంత్రము ఎంత చౌకయైనను రెండేండ్లకు పాత ఇనుమగును. ఐరోపాలో 2018 మొదలుకొని మెటాబో మున్నగు కొన్ని సంస్థలు కూడబలుకుకొని ఒక్కటే బ్యాటరీ అందరి యంత్రములకు పట్టునట్లు చేసినవి. పోటీపడు వ్యాపారులకే సహకార సూత్రము రుచించినపుడు మనకు రుచింపకుండునా?

మన తావున మరియొక విశేషము కలదు. దుబాయి, మస్కటు, రియాదులనుండి వచ్చువారు ఈ పనిముట్లను వెంట తెచ్చుచుందురు. అక్కడి ఇంటి విద్యుత్తు చాలవరకు మనదానివలెనే 220 మొదలు 240 వోల్టులు గనుక చార్జరు ఇక్కడ పనిచేయును. ప్లగ్గు ముండ్లు మాత్రము వేరు, దానికి మారుముక్క కావలెను. అమెరికానుండి వచ్చినదైనచో జాగ్రత్త. అక్కడ 120 వోల్టులు. దానికి మాత్రమే చేసిన చార్జరును మన గోడకు తగిలించినతోడనే కాలిపోవును. చార్జరుమీద "ఇన్‌పుట్" అను మాట ప్రక్కనున్న అంకెలు చూడక తగిలింపరాదు. పరదేశమున కొన్నదానికి హామీ ఇక్కడ చెల్లుట కూడ సాధారణముగా ఉండదు. విమాన ప్రయాణమున యంత్రమును పెద్ద పెట్టెలో వేయవలెను. విడి బ్యాటరీలను మాత్రము అందులో వేయరాదు, చేతి సంచిలోనే తేవలెను. 100 వాట్-గంటలలోపు వానికి ప్రత్యేకానుమతి అక్కరలేదు. 100 మొదలు 160 వరకు విమాన సంస్థ అనుమతితో రెండు మాత్రమే. అంతకు మించినవి ప్రయాణికుడు తేరాదు. 18 వోల్టుల, 5 ఆంపియరు-గంటలది 90 గనుక సరిపోవును. 6 ఆంపియరు-గంటలది 108 గనుక అనుమతి కావలెను. వచ్చువారికి ముందుగానే ఈ మాట ఫోనులో చెప్పినచో విమానాశ్రయమున సొమ్ము పోగొట్టుకొనరు.

మోటారులలో రెండు విధములు. బొగ్గు బ్రష్షులు కలది చౌక. బ్రష్షులు అరిగినప్పుడు మార్చవలెను. బ్రష్షులు లేనిది వెల యెక్కువ, అదే బ్యాటరీతో హెచ్చు పని చేయును, తక్కువ వేడెక్కును. నెలకొకమారు తీయువానికి మొదటిది చాలును. వారమున నాలుగు దినములు వాడువాడు రెండవదానిని కొనుటయే మేలు.

మొదట కొనదగిన యంత్రము బరమా, అనగా దుకాణములలో డ్రిల్లింగు మిషను అనునది. ఇది రంధ్రము వేయును, మరమేకు బిగించును, విప్పును. ఇంటి పనులలో ముప్పాతిక దీనితోనే తీరును. బిట్టును పట్టు ముందరి నోరు 10 లేక 13 మిల్లీమీటర్లు తెరచుకొనును. 13 ది కొన్నచో తరువాత చింత యుండదు. నోటి వెనుక అంకెలు వేసిన వలయము కలదు. చాలమంది దీనిని ముట్టనే ముట్టరు. యంత్రములో మిక్కిలి యుపయోగకరమైనది ఇదియే. చిన్న అంకెమీద పెట్టినచో కొంచెము బిగియగానే లోపలి క్లచ్ జారి కటకట శబ్దము చేయును, మరమేకు అంతట నిలిచిపోవును. అంకె పెరిగినకొలది బిగింపు పెరుగును. బరమా బొమ్మమీద పెట్టినచో జారుట యుండదు. అది రంధ్రములకే గాని మరమేకులకు గాదు.

రేకుల పని దీనికి మంచి యుదాహరణము. తమంత తామే తొలుచుకొని పోవు ఆరు మూలల తల మరమేకులకు క్రింద రబ్బరు బిళ్ల యుండును. వలయమును లెక్కింపక గట్టిగా తిప్పినచో ఆ బిళ్ల నలిగి ప్రక్కకు పిండబడి, మొదటి వానకే కొట్టము కురియును. బిళ్ల కొంచెము ఒదిగి అంచున కనబడినచో చాలును. పనికిరాని రేకు ముక్కమీద రెండు మూడు కొట్టి అంకెను నిర్ణయించుకొని, పిమ్మట పైకెక్కుడు. మరమేకును నీరు పారు పల్లమునందు గాక గుబ్బమీద కొట్టుట మన వాడుక, దానిని విడువనక్కరలేదు. యంత్రమును త్రాటితో నడుమునకు కట్టుకొనినచో క్రిందనున్నవాని తలమీద పడదు.

పాత కొట్టములమీద సిమెంటు రేకులున్నచో వేరు సంగతి. వానిలో రాతినార, అనగా ఆస్బెస్టాస్, కలిసియుండును. యంత్రముతో కోసినను, తొలిచినను లేచు సన్నని ధూళి ఊపిరితిత్తులలో దిగి, ఇరువది ముప్పది యేండ్ల తరువాత గూడ క్యాన్సరు మొదలగు వ్యాధులు కలిగించును. అట్టి రేకులను గ్రైండరుతో ఎన్నడును కోయరాదు. ఒకటి రెండు రంధ్రములు తప్పనప్పుడు చేతి బరమాతో, నీరు చల్లుచు, మెల్లగా వేయవలెను. వాని మీద కాలుపెట్టుటకూడ అపాయమే. చెక్క పలక వేసి దానిమీద నడువవలెను.

గోడలకు రంధ్రము వేయుటలో గోడయొక్క జాతి తెలిసికొనవలెను. ఇటుక గోడకు, కొనయందు గట్టి లోహపు ముక్క అతికిన బిట్టు వేసి, సమ్మెట బొమ్మమీద పెట్టవలెను. అప్పుడు బిట్టు తిరుగుటతోబాటు ముందుకు దెబ్బలు కొట్టును. లోతు ఎంత కావలెనో బిట్టుమీద అంటు పట్టీతో గుర్తుపెట్టి, నడుమ నడుమ వెనుకకు లాగి ధూళి తీయవలెను. నున్నని టైలుమీద మొదట దెబ్బ వేయరాదు, చిట్లును. టైలు దాటిన తరువాతనే సమ్మెటకు మార్చవలెను. తాతలనాటి మట్టి గోడలలో ప్లాస్టిక్ ప్లగ్గు నిలువదు. అక్కడ పెద్ద రంధ్రముచేసి వేప చెక్క గిట్టక దిగగొట్టి దానికి మరమేకు బిగించుట పెద్దల పద్ధతి. యంత్రము వచ్చినంతమాత్రమున ఆ పద్ధతి చెడలేదు. స్లాబు కాంక్రీటునకు, కరీంనగరపు గ్రానైటు రాతికి ఈ చిన్న బరమా చాలదు. బలవంతముచేసినచో మోటారు పొగ వచ్చును. వానికి రోటరీ హ్యామరు అను పెద్ద యంత్రము వేరుగా కలదు; దానిని ఒక్క దినమునకు కిరాయి తెచ్చుకొనుట తెలివి.

తీగ లేని యంత్రముతో షాకు లేదంటిమి. అది యంత్రములోని మాట. గోడలోని మాట గాదు. స్విచ్చు బోర్డుకు సరిగ పైనను, క్రిందను, ఎదురు ప్రక్కలను గోడ లోపల తీగలు పోవుచుండును. ఆ వరుసలలో రంధ్రము వేయరాదు. వేయవలసి వచ్చినచో మెయిను ఆపి వేయవలెను. బావివద్ద స్టార్టరు పెట్టెకు మరమేకు బిగించునపుడుగూడ ఇదే నియమము.

ఇనుమునకు రంధ్రము వేయునపుడు ముందు సెంటరు పంచితో ఒక్క దెబ్బ కొట్టి గుంట చేసికొని, మెల్లని వేగమున, చుక్క నూనె వేయుచు తొలువవలెను. వేగము హెచ్చించినచో బిట్టు కొన నీలముగా మారి పదును పోవును. తుమ్మ, టేకు చెక్కలలో మరమేకు కొట్టునపుడు ముందు సన్నని రంధ్రము వేయనిచో చెక్క పగులును, లేదా మరమేకు తల తెగును. చేతి గడియారము, కంకణములు, భుజముమీది తువ్వాల, జీరాడు ధోవతి చెంగు, ముడివేయని జుట్టు, ఇవి తిరుగుచున్న బిట్టుకు చుట్టుకొనును. చేతి తొడుగులుకూడ బరమా పనిలో తీసివేయవలెను. చిన్న ముక్కకు రంధ్రము వేయునపుడు దానిని చేతితో పట్టుకొనక బిగింపుతో పలకకు బిగించుడు.

దెబ్బలతో త్రిప్పు ఇంపాక్ట్ యంత్రములు రెండు రకములు. మరమేకుల రకము పొడవైనవానిని సునాయాసముగా దింపును. బరమా కొన్న యింటికి అది తప్పనిసరి కాదు. బోల్టుల రకము ట్రాక్టరు కలవారికి ఉపకారి. దమ్ము కాలమున చక్రములు విప్పి కేజ్ వీల్సు వేయుటలో ఎంతో శ్రమ తగ్గించును. విప్పుటకు దానిని వాడుడు. బిగించుటలో చివరి బిగింపు చేతి పానాతోనే చేయుడు, లేనిచో బోల్టు మరలు తెగును. దీనికి తగిన నల్లని ఇంపాక్ట్ సాకెట్లు కలవు. మెరుపు పూతగల మామూలువి పగిలి ముక్కలెగురును.

గ్రైండరును గూర్చి కఠినముగా చెప్పవలసియున్నది. చేతి పనిముట్లలో ఇంత క్రూరమైనది వేరొకటి లేదు. చక్రముమీద ముద్రించిన వేగము యంత్రపు వేగమునకు తక్కువ కాకూడదు. చక్రము నడుమనున్న లోహపు వలయముమీద గడువు నెల, సంవత్సరము అచ్చువేయబడియుండును. గడువు దాటినది, క్రిందపడినది, తడిసినది వాడరాదు. కోత చక్రముతో ప్రక్కనుండి అరగదీయరాదు. పైని కాపు రేకును పని త్వరగా కావలెనని ఊడదీయువారున్నారు. మరికొందరు చెక్కకోయు పండ్ల చక్రమును దీనికి తగిలింతురు. ఆ చక్రము చెక్కలో చిక్కుకొన్న క్షణమున యంత్రము వెనుకకు తన్ని తొడమీదనో, మెడమీదనో పడును. ఈ రెండును చేయరాదు. కండ్ల అద్దములు లేక మీటను నొక్కరాదు. నూరు రూపాయల చుట్టుప్రక్కల దొరకు అద్దములకు లోభపడి కన్ను పోగొట్టుకొనుట యేమి వ్యవహారము? నిప్పురవ్వలు కొన్ని గజముల దూరము పోవును. ఇంటిలో పత్తి రాశిపోసిన దినములలో, వరిగడ్డి వాముల దాపున గ్రైండరు తీయరాదు. ఈ పనికి 2 ఆంపియరు-గంటల బ్యాటరీ చాలదు. 4 గాని, అంతకుమించినది గాని కావలెను. గంటలకొలది ఇనుము కోయవలసిన పని యున్నచో తీగ గల యంత్రమే మేలు, వెలయు తక్కువ. బ్యాటరీ అన్నిటికిని మందు కాదు.

కొమ్మలు కొట్టు చిన్న గొలుసు రంపము మామిడి తోటలవారికి పనికివచ్చును. పలక కొనను కొమ్మకు తాకింపరాదు, వెనుకకు తన్నును. నిచ్చెనమీద నిలిచి ఒంటిచేత తలకు పైయెత్తున కోయరాదు. గట్టు గడ్డి కోయు బ్యాటరీ యంత్రము ఇంటి ముంగిటికి, నాలుగు గట్లకు సరిపోవును. ఎకరములకొలది గడ్డికి ఇంజను యంత్రమునే తీసికొనవలెను.

ఇప్పుడు పోషణ. సీసపు బ్యాటరీని ఎల్లప్పుడు నిండుగా ఉంచవలెను, ఖాళీగా వదలినచో చచ్చును. మందు పంపు వాడినవారు ఇది ఎరుగుదురు. ఆ యలవాటు ఇక్కడ పనికిరాదు. లిథియం బ్యాటరీ నెలలకొలది ప్రక్కన పెట్టునప్పుడు నిండుగాను ఉండకూడదు, పూర్తిగా ఖాళీగాను ఉండకూడదు. సగము చొప్పున ఉంచి, చల్లని చోట పెట్టవలెను. నాలుగు దీపములున్నచో రెండు వెలుగునట్లు చూచినచో చాలును. పూర్తిగా ఆగువరకు పిండి వాడుట గూడ మంచిది కాదు; బలము తగ్గినట్లు తోచగానే మార్చుడు.

దీనికి గొప్ప శత్రువు వేడి. ఈ సెల్లులను 45 డిగ్రీలకు మించిన వేడిలో నింపరాదు. మన ఉత్తర తెలంగాణములో మే నెలలో బయటి గాలియే ఆ అంకెను దాటు దినములున్నవి. రేకుల కప్పు క్రింద, ట్రాక్టరు పెట్టెలో, ఎండలో నిలిపిన మోటారు సైకిలు సంచిలో అంతకన్న హెచ్చు. రోళ్లు పగులునన్న రోహిణి కార్తెలో మధ్యాహ్నము చార్జి పెట్టుట బ్యాటరీని చేతులార కాల్చుకొనుటయే. తెల్లవారుజామునగాని, రాత్రి పొద్దుపోయినపిమ్మటగాని పెట్టుడు. పనిచేసి వేడెక్కినదానిని వెంటనే పెట్టక అరగంట నీడలో ఆరనీయవలెను. బండమీద, గాలి తగులుచోట పెట్టవలెను. మంచము క్రింద, పత్తి ప్రక్కన, గడ్డి కప్పు ఇంట పెట్టి నిద్రపోరాదు. దాని సంస్థవారి చార్జరు తప్ప అంగట దొరకిన చౌక చార్జరును తగిలింపరాదు. ఉబ్బినది, పగిలినది, నీట మునిగినది మరల నింపరాదు. జేబులో మేకులతో కలిపి వేసినచో రెండు కొనలు కలిసి నిప్పు పుట్టును.

ప్రతి యింటివాడును అన్ని యంత్రములు కొనవలెనా? మా యభిప్రాయమున అక్కరలేదు. బరమా ఇంటికొకటి యుండవచ్చును. గ్రైండరు, రంపము, బోల్టు యంత్రము ఏడాదిలో పది దినములు తీయునవి. ఒక వాడలోని ఐదారు ఇండ్లవారు మాట్లాడుకొని అందరును ఒక్క సంస్థవారి బ్యాటరీనే కొన్నచో, ఒకరి గ్రైండరునకు మరియొకరి బ్యాటరీ పట్టును. తలా ఒక యంత్రము కొని మార్చుకొనవచ్చును. వేర్వేరు సంస్థలవి కొన్నచో ఈ సౌకర్యము పోవును. రోటరీ హ్యామరు వంటి పెద్దదానిని సంఘము తరఫున కొని దినకిరాయికి ఇచ్చుట ఆలోచింపదగినది. అట్లు ఇచ్చునపుడు మూడు నియమములు కావలెను: తీసికొనునపుడును తిరిగి ఇచ్చునపుడును బ్యాటరీని, బిట్లను లెక్కించి పుస్తకమున వ్రాయుట, కండ్ల అద్దములు యంత్రముతోబాటే ఇచ్చుట, బిట్లు, చక్రములు ఎవరివి వారే తెచ్చుకొనుట. అరిగిన చక్రముల తగవే పంపకములను చెరచును.

వడ్రంగి, కమ్మరి పని పోవునని కొందరి శంక. దర్వాజా నిలుపుట, నాగలి పని, అతుకుల సొగసు యంత్రము కొన్నంతమాత్రమున మనకు రావు. పైగా ఊరి వడ్రంగివద్ద ఇవి ముందే యున్నవి. కొనదలచినవారు మొదట అతనిని అడిగి, అతని యంత్రమును పట్టి చూచి, అతడు వాడు బ్యాటరీనే కొన్నచో మరమ్మతు తెలిసినవాడు ఇంటి ప్రక్కనే యుండును.

చచ్చిన బ్యాటరీ సంగతి చెప్పవలసియున్నది. సీసపుదానిని పాత సామానులవాడు వెల యిచ్చి కొనును. లిథియందానిని అతనికి ఇచ్చినచో రాగి కొరకు సుత్తెతో పగులగొట్టును, అది మండును. 2022 లో వచ్చిన కేంద్ర ప్రభుత్వపు బ్యాటరీ వ్యర్థముల నియమముల ప్రకారము వానిని తిరిగి సేకరించు బాధ్యత తయారీ సంస్థలది. కావున అమ్మిన దుకాణమునకో, మరమ్మతు స్థలమునకో తిరిగి ఇయ్యవలెను. తీసికొనిపోవుటకు ముందు లోహపు కొనలమీద అంటు పట్టీ చుట్టి, విడిగా ఒక కాగితపు పెట్టెలో పెట్టుడు.